మొదటి ఆఫర్ లెటర్‌పై సంతకం పెట్టే ముందు

జీతం అంకె చూసి మురిసిపోకండి, నేను అలాగే మోసపోయాను. ఆరు నెలలు ‘ట్రైనింగ్’ అంటూ సగం జీతమే ఇచ్చారు. పని మాత్రం పక్క సీటు సీనియర్ చేసేదే. అందుకే శిక్షణ ఎన్నాళ్లు, ఆ తర్వాత జీతమెంత, రెండూ కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

కోతలు పోను చేతికొచ్చేదెంతో అడగండి. కోతలకు ముందున్న జీతాన్ని మీ దేశ కనీస వేతనంతో పోల్చండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో చేసిన 131వ ఒప్పందం వర్ధమాన దేశాలను ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకున్నదే. కనీస వేతనం లెక్కలో కుటుంబ అవసరాలు, జీవన వ్యయం చూడాలంటుంది. సమాన విలువగల పనికి ఆడామగా తేడా లేని జీతం కోరేది 1951 నాటి 100వ ఒప్పందం. మీ దేశం వీటిని ఆమోదించిందో లేదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే? జిరాక్సులే ఇవ్వండి. నావి తిరిగి రావడానికి ఏడాది పట్టింది.