దగ్గరి ఫొటోలు, 5వ పాఠం: గాజు దగ్గరికి వెళ్తే చీకటి ఎందుకు పడింది?

పోయిన పాఠంలో స్టాప్ గురించి చెప్పుకున్నాం. ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది. ఆ లెక్క తెలిసీ నేను బోల్తా పడ్డ సంగతితో ఈ పాఠం మొదలుపెడతాను.

మా ఆవిడ లాడ్ బజార్‌లో లక్క గాజులు కొంది. కడియం మీద లక్క పట్టించి, అది మెత్తగా ఉండగానే ఒక్కో రాయీ చేత్తో అద్దుతారు. ముందు డజను గాజులూ పేర్చి తీశాను, బ్రహ్మాండంగా వచ్చాయి. తర్వాత ఒకే గాజు మీది రాళ్ల వరస ఫ్రేమ్ నిండా రావాలని మాక్రో లెన్స్‌తో బాగా దగ్గరికి జరిగాను. స్టాండు మీది మాన్యువల్ ఫ్లాష్ కదపలేదు. ఎఫ్/8 మార్చలేదు. ఫొటో మాత్రం నల్లగా వచ్చింది! ఫ్లాష్ పోయిందనుకుని కోఠీలో ఒక రిపేర్ షాపుకు పట్టుకెళ్లాను. ఆయన రెండుసార్లు వెలిగించి చూసి, "దీనికేం రోగం లేదు సార్" అన్నాడు. ఆటో చార్జీ దండగ.

రోగం నా లెక్కలో ఉంది. ఎఫ్ నంబర్ అంటే ఫోకల్ లెంగ్త్‌ను అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) వ్యాసంతో భాగించగా వచ్చేది. దూరంగా ఉన్నవాటికి ఆ అంకె సరిపోతుంది, ఎందుకంటే అప్పుడు లెన్స్ నుంచి సెన్సర్‌కు ఉండే దూరం దాదాపు ఫోకల్ లెంగ్తే. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయాలంటే లెన్స్ ముందుకు జరగాలి. వస్తువు సెన్సర్ మీద అసలు సైజులో పడేసరికి ఆ దూరం రెట్టింపవుతుంది. అదే రంధ్రం, అదే వెలుతురు, కానీ పరుచుకునే చోటు నాలుగింతలు.

నమ్మకం కుదరకపోతే రాత్రి ట్యూబ్‌లైట్ వేసి, భూతద్దంతో దాని బింబాన్ని తెల్ల కాగితం మీద పట్టండి. అద్దాన్ని లైటుకు దగ్గరగా తీసుకెళ్తూ, బింబం స్పష్టంగా ఉండేలా కాగితాన్ని వెనక్కి జరపండి. బింబం పెద్దదవుతుంది, వెలవెలబోతుంది. (ఎండలో ఈ ప్రయోగం వద్దు, కాగితం కాలుతుంది.)

ఇక లెక్క. సెన్సర్ మీది బింబం అసలు వస్తువుకు ఎన్నింతలో అదే మాగ్నిఫికేషన్. దానికి 1 కలిపి, వచ్చినదాన్ని ఎఫ్ నంబర్‌తో గుణించండి. అసలు సైజు అంటే మాగ్నిఫికేషన్ 1, కాబట్టి ఎఫ్/8 కాస్తా ఎఫ్/16 లాగా పనిచేస్తుంది. రెండు స్టాపులు పోయినట్టే. సగం సైజులో అయితే ఎఫ్/12, స్టాపు కన్నా కొంచెం ఎక్కువ పోతుంది. పదో వంతు సైజులో పోయేది మూడో వంతు స్టాపు కూడా కాదు, పట్టించుకోకండి.

మాగ్నిఫికేషన్ ఎంతో తెలియాలంటే పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు చాలు. ఫోకస్ కదపకుండా స్కేలును ఫొటో తీసి, అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో చూడండి. సెన్సర్ వెడల్పును దానితో భాగించండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో వెడల్పు 36. స్కేలు మీద 72 కనిపిస్తే మాగ్నిఫికేషన్ సగం.

కెమెరా మీటర్ లెన్స్ లోపలి నుంచి వచ్చిన వెలుతురునే కొలుస్తుంది కాబట్టి ఆటో మోడ్‌లో తీసేవాళ్లకు ఈ టెన్షన్ లేదు. మాన్యువల్ ఫ్లాష్, చేతి మీటర్ వాడేవాళ్లకే ఈ తిప్పలు. నికాన్ కెమెరాలో నికాన్ మాక్రో లెన్స్ బిగిస్తే దగ్గరికి వెళ్లేకొద్దీ ఎఫ్ నంబర్ పెరిగి కనిపిస్తుంది. అది లెక్క కట్టేసిన అంకె, మళ్లీ కలపకండి. కెనాన్ పెట్టిన అంకెనే చూపిస్తుంది. లోపలే ఫోకస్ జరిగే లెన్సుల్లో ఈ సూత్రం కాస్త అటూఇటూ అవుతుంది, ఒక ఫొటో తీసి సరిచూసుకోండి.

నేను చివరికి ఫ్లాష్ పవర్‌ను పావు నుంచి ఫుల్‌కు పెంచాను. రెండు స్టాపులు. రాళ్లు మెరిశాయి.

ఇంటిపని: ఒక రూపాయి నాణెం, ఒక స్కేలు, మాన్యువల్ మోడ్. దూరం నుంచి ఒకటి, సగం సైజులో ఒకటి, అసలు సైజులో ఒకటి, ఎక్స్‌పోజర్ మార్చకుండా తీసి పక్కపక్కన పెట్టండి. ఎఫ్/22 కూడా ప్రయత్నించండి. అసలు సైజులో అది ఎఫ్/44. నాణెం మీది అంకెల అంచులు ఎందుకు మెత్తబడ్డాయో 6వ పాఠంలో చూద్దాం.