ఎలకల బ్రెయిన్ పెట్ ట్రేసర్లు, 6వ పాఠం: యాక్టివిటీ తగ్గుద్ది, మాస్ తగ్గదు

ఈసారి రేడియోమెటబొలైట్ల గురించి, అంటే పెట్ స్కాన్‌లో కనబడ్డానికి ఎక్కించే రేడియోయాక్టివ్ అణువు (అదే ట్రేసర్) ఒంట్లో విరిగితే వచ్చే ముక్కల గురించి రాద్దామనుకున్నా. కానీ పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకి మీరు పంపిన జవాబులు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. ఎందుకంటే తప్పు పోయినవాళ్ళందరిదీ దాదాపు ఒకే చోట పోయింది, ఆ చోటు దాటకుండా ముందుకెళ్తే మీరు రేపు తీసే ఏ ఇమేజ్‌నీ నేను నమ్మలేను, మీరూ నమ్మకూడదు.

లెక్క మళ్ళీ చెప్తా. ట్రేసర్ కార్బన్-11 రాక్లోప్రైడ్, అంటే బ్రెయిన్‌లో డోపమైన్ డీ2 రిసెప్టర్లకి అతుక్కునే మందుకి రేడియోయాక్టివ్ కార్బన్ తగిలించింది, 10:00 కి సింథసిస్ అయిపోయింది. వయల్‌లో 5 ఎంఎల్, మొత్తం 3.2 గిగాబెకరెల్. మోలార్ యాక్టివిటీ, అంటే ఇంత మందుకి ఎంత రేడియోయాక్టివిటీ అన్నది, ఆ టైమ్‌కి మైక్రోమోల్‌కి 80 గిగాబెకరెల్. ఎలకలు రెండు, చెరి 25 గ్రాములు. మొదటిదానికి 10:20 కి, దాని 40 నిమిషాల స్కాన్ అయ్యాక రెండోదానికి 11:01 కి ఇంజెక్షన్. రెండింటికీ తలా 10 మెగాబెకరెల్, డోస్ క్యాలిబ్రేటర్‌లో అప్పటికప్పుడు చూసుకుని ఎక్కించాం. ఒక్కో ఎలకకి కేజీకి ఎన్ని నానోమోల్స్ వెళ్ళినట్టు?

ఎక్కువమంది రెండింటికీ 5 అని రాశారు. అంటే 10 ని 80 తో భాగించి, బరువుతో భాగించి, అయిపోయిందనుకున్నారు. కొంతమంది ఇంకో అడుగు ముందుకేసి రెండోదానికి తక్కువ వెళ్ళిందన్నారు, లేటయింది కదా, డికే అయిపోయింది (రేడియోయాక్టివిటీ తరిగిపోయింది) కదా అని. సరైన జవాబు మొదటిదానికి దాదాపు 10, రెండోదానికి దాదాపు 40. నాలుగు రెట్లు.

డికే ఫార్ములా మీ అందరికీ వచ్చు, కార్బన్-11 హాఫ్ లైఫ్ (యాక్టివిటీ సగం తరగడానికి పట్టే టైమ్) 20.4 నిమిషాలు, ఫ్లోరిన్-18 ది 109.8, ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అందుకే మళ్ళీ రాయను. డెస్‌మిథైల్ ప్రికర్సర్ మీద మిథైల్ ట్రైఫ్లేట్ వేయడం, హెచ్‌పీఎల్‌సీలో పీక్ పట్టుకోవడం, ఈ తయారీ సంగతులూ వదిలేస్తున్నా. తేడా వచ్చింది లెక్కలో కాదు, వయల్ లోపల ఏముందో ఊహించుకోవడంలో.

కార్బన్-11 కి లెక్క ప్రకారం రాగల గరిష్ఠ మోలార్ యాక్టివిటీ మైక్రోమోల్‌కి సుమారు 3 లక్షల 40 వేల గిగాబెకరెల్. అంటే ప్రతి అణువులోనూ కార్బన్-11 ఉంటే అంత రావాలి. మన చేతికొచ్చింది 80. భాగించండి. 4,250 రాక్లోప్రైడ్ అణువులు తీసుకుంటే అందులో ఒక్కదానికే రేడియోయాక్టివ్ కార్బన్ ఉంది, మిగతా 4,249 మామూలు కార్బన్-12 తో తయారైన మామూలు మందు. గాలిలో కార్బన్ డయాక్సైడ్, పైపుల్లోది, రీఏజెంట్లలోది, ఎక్కడెక్కడి మామూలు కార్బనో వచ్చి కలిసిపోద్ది, ఎంత జాగ్రత్త పడ్డా.

పెళ్ళి బంతి అనుకోండి. కూర్చున్న 4,250 మందిలో ఒక్కడికే ఎర్ర తలపాగా. ఫొటోగ్రాఫర్‌కి ఎర్ర తలపాగాలు తప్ప ఇంకేం కనబడవు. టైమ్ గడిచేకొద్దీ లేచి వెళ్ళిపోయేది తలపాగా వాళ్ళే, మామూలు వాళ్ళు కదలరు. మూడు హాఫ్ లైఫ్‌లు అయ్యేసరికి 34 వేల మందికి ఒక తలపాగా మిగుల్తాడు. ఇప్పుడు ఫొటోలో మొదట్లో ఉన్నన్ని తలపాగాలే కనబడాలి అని మీరు పట్టుబడితే ఏం చేయాలి? ఎనిమిది రెట్ల జనాన్ని తెచ్చి కూర్చోబెట్టాలి. కానీ వేసిన విస్తళ్ళు ఎన్నున్నాయో అన్నే. ఎలక స్ట్రయేటమ్‌లో (బ్రెయిన్ లోపలి ఒక భాగం) డీ2 రిసెప్టర్లు ఆ విస్తళ్ళు. పదుల నానోమోలార్‌లో ఉంటాయి, అంతకి మించి లేవు. మామూలు వాళ్ళు విస్తళ్ళన్నీ ఆక్రమించేస్తే తలపాగా వాడికి చోటు దొరకదు, ఫొటోలో బంతి ఖాళీగా కనబడుద్ది.

ఇది నాకు ఎందుకంత పట్టింపో చెప్తా. పీహెచ్‌డీ చేసేటప్పుడు ఒక మందు ఇచ్చిన గ్రూపులో రాక్లోప్రైడ్ బైండింగ్ తగ్గిందా అని చూస్తున్నాం. ప్రతి బ్యాచ్‌కీ ముందు కంట్రోల్ ఎలక, దాని తర్వాత మందిచ్చిన ఎలక. అలా ఎందుకంటే మందు ఎక్కాక ఒక గంట ఆగాలి కాబట్టి అది రెండో స్లాట్‌కి సరిపోతుందని. పన్నెండు ఎలకలయ్యాక గ్రాఫ్ గీస్తే తేడా స్పష్టంగా ఉంది, కంట్రోల్స్ పైన, మందిచ్చినవి కింద. మా సీనియర్ గ్రాఫ్ వైపు చూడలేదు. నోట్‌బుక్ ఇటివ్వు అంది. ఇంజెక్షన్ వాల్యూమ్ రాసిన కాలమ్ మీద వేలు పెట్టి పైనుంచి కిందకి చదివింది. 0.03, 0.12, 0.03, 0.13, 0.04, 0.12. అంతే, నోట్‌బుక్ మూసేసి నా చేతిలో పెట్టింది. మందిచ్చిన ప్రతి ఎలకకీ మూడు నాలుగు రెట్ల కోల్డ్ (అంటే రేడియోయాక్టివ్ కాని, మామూలు) రాక్లోప్రైడ్ వెళ్ళింది. బైండింగ్ తగ్గింది మందు వల్లో, మా ట్రేసర్ వల్లో చెప్పే దారి లేదు. ఆ పన్నెండు ఎలకల డేటా ఎందుకూ పనికిరాలేదు. ఎథిక్స్ కమిటీకి ఇన్ని జంతువులు కావాలి అని రాసి, సంతకం పెట్టి తెచ్చుకున్న ప్రాణాలవి. ఇప్పటికీ ఆ కాలమ్ కళ్ళముందు కనబడుద్ది.

అప్పట్నుంచీ నేను వాడే షార్ట్‌కట్ ఒకటుంది, మీరూ ఇదే వాడండి. మాస్ లెక్కకి డికే అసలు అక్కర్లేదు. సింథసిస్ అయిన క్షణంలో వయల్‌లో ఎంఎల్‌కి ఎన్ని నానోమోల్స్ ఉన్నాయో ఒక్కసారి లెక్కేసి వయల్ పెట్టే సీసపు కుండ మీద టేప్ అంటించి రాసేయండి. మన ఉదాహరణలో 3.2 భాగించు 80, అంటే 0.04 మైక్రోమోల్, అంటే 40 నానోమోల్స్, 5 ఎంఎల్‌లో. ఎంఎల్‌కి 8. ఈ 8 పొద్దున్నా 8, మధ్యాహ్నమైనా 8, రేపటికి యాక్టివిటీ మొత్తం పోయాక కూడా 8. ఇక సిరంజీలోకి ఎన్ని ఎంఎల్ లాగారో దాన్ని 8 తో గుణించండి. 10:20 కి 10 మెగాబెకరెల్ కావాలంటే 0.031 ఎంఎల్ పట్టుద్ది, 0.25 నానోమోల్. 11:01 కి అదే 10 మెగాబెకరెల్‌కి 0.125 ఎంఎల్ లాగాలి, 1 నానోమోల్. సెలైన్‌తో కలిపి మొత్తం వాల్యూమ్ సమానం చేసినా వయల్ నుంచి ఎంత తీశారన్నదే లెక్క, సెలైన్ కాదు. చాలామంది నోట్‌బుక్‌లో చివరి వాల్యూమ్ ఒక్కటే రాస్తారు, తర్వాత వెనక్కెళ్ళి చూసుకుందామంటే ఏం దొరకదు.

మనుషుల స్కాన్లలో ఈ గొడవ ఇంతగా వినపడకపోడానికి కారణం బరువు. 70 కేజీల మనిషికి 370 మెగాబెకరెల్ ఇచ్చినా, మోలార్ యాక్టివిటీ 50 ఉంటే, కేజీకి వచ్చేది సుమారు 0.1 నానోమోల్. అదే 50 తో 25 గ్రాముల ఎలకకి 10 మెగాబెకరెల్ ఇస్తే కేజీకి 8. ట్రేసర్ అంటేనే శరీరాన్ని కదిలించనంత తక్కువ అని అర్థం, ఎలక దగ్గరకొచ్చేసరికి ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం. అందుకే రాక్లోప్రైడ్ లాంటి రిసెప్టర్ ట్రేసర్లకి నేను వీలైతే పెద్ద ఎలుకని, అంటే రాట్‌నే తీసుకుంటా. 250 గ్రాముల రాట్‌కి అదే 10 మెగాబెకరెల్ ఇస్తే కేజీకి పదో వంతే పడుద్ది, పైగా దాని బ్రెయిన్ 2 గ్రాముల దాకా ఉంటుంది, చిట్టెలకది అర గ్రామ్ కూడా ఉండదు. ట్రాన్స్‌జెనిక్ (జన్యువులు మార్చిన) మోడల్ కావాలన్నప్పుడే చిట్టెలక జోలికెళ్తా.

గ్లూకోజ్ లాంటి ట్రేసరైన ఎఫ్‌డీజీకి మాత్రం ఈ బాధ లేదు, రక్తంలో గ్లూకోజ్ మిల్లీమోలార్‌లలో ఉంటే మన కొసరు నానోమోల్స్ దానికి లెక్కే కాదు.

పిట్స్‌బర్గ్ కాంపౌండ్ బి కథ మాత్రం కొంచెం ఆగి చదవండి. ఆల్జీమర్స్ పేషెంట్ల బ్రెయిన్‌లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ గడ్డల్ని (ఫలకాల్ని) బతికుండగానే చూపించిన ట్రేసర్ అది, క్లంక్, మాథిస్ వాళ్ళ పేపర్ 2004 లో వచ్చింది. మనుషుల్లో అంత బాగా పనిచేసింది కదా, అమిలాయిడ్ పుట్టించిన ఎలకల్లో ఇంకా సులువుగా కనబడాలి అనే ఎవరైనా అనుకుంటారు, ఎందుకంటే ముదిరిన ట్రాన్స్‌జెనిక్ ఎలకల బ్రెయిన్ నిండా ఫలకాలే. కానీ 2005 లో అదే బృందం వేసిన పేపర్‌లో ఎలకల బ్రెయిన్‌లో అది నిలవలేదని తేలింది. ఫలకాలు లేక కాదు, ఎలక అమిలాయిడ్‌లో ఈ అణువు గట్టిగా పట్టుకునే చోట్లు మనిషి అమిలాయిడ్‌తో పోలిస్తే చాలా చాలా తక్కువ. విస్తళ్ళు తక్కువ అన్నమాట. 2007 లో జపాన్‌లోని చిబా వాళ్ళు చాలా ఎక్కువ మోలార్ యాక్టివిటీతో అదే కాంపౌండ్ తయారుచేసి అమిలాయిడ్ ఎలకల్లో ఎక్కిస్తే ఫలకాలు కనబడ్డాయి. వాళ్ళ ఎలకల రకం వేరే, నిజమే, ఆ తేడాని కొట్టిపారేయలేం. అయినా తక్కువ విస్తళ్ళున్న చోట జనాన్ని తగ్గించి పంపితేనే తలపాగా కనబడుద్దన్నది దీంట్లోంచి నేర్చుకోవాలి. మీ కొత్త ట్రేసర్ ఎలకలో బైండ్ అవట్లేదని పారేసేముందు కేజీకి ఎన్ని నానోమోల్స్ ఎక్కించారో చూసుకోండి. పారేసిన వాటిలో మంచివి ఎన్నున్నాయో ఎవరికి తెలుసు.

బ్లాకింగ్ స్టడీ కూడా ఇదే లెక్క, కావాలని చేసేది. ట్రేసర్‌కి ముందు కేజీకి 1 మిల్లీగ్రామ్ కోల్డ్ రాక్లోప్రైడ్ ఇస్తే, అణుభారం 347 కాబట్టి, కేజీకి దాదాపు 2,880 నానోమోల్స్. స్ట్రయేటమ్ సిగ్నల్ పడిపోయి, డీ2 రిసెప్టర్లు దాదాపు లేని సెరెబెల్లమ్ (చిన్నమెదడు) స్థాయికి వస్తే మీ సిగ్నల్ నిజమైనదే. 2,880 తో పోలిస్తే 40 ఎంత అని అడగొచ్చు మీరు. 2,880 మొత్తం మూసేయడానికి ఇచ్చేది, 40 ఎవరూ అడక్కుండా సగం తలుపు వేసేది, అదీ ఒక గ్రూపుకే.

గడియారాల సంగతి మర్చిపోవద్దు. ల్యాబ్‌లో మూడు టైమ్‌లుంటాయి, గోడ మీదది, డోస్ క్యాలిబ్రేటర్‌ది, స్కానర్ కంప్యూటర్‌ది. ఒకదానికొకటి 4 నిమిషాలు తేడా ఉంటే కార్బన్-11 లెక్కలో 13 శాతం ఎగిరిపోద్ది, ఫ్లోరిన్-18 లో 2.5 శాతం. పొద్దున్నే మూడూ కలిపి చూసుకుని తేడా మొదటి పేజీలో రాయండి. నేనైతే గోడ గడియారం వైపు చూడనే చూడను, స్కానర్ టైమ్ ఒక్కటే నా టైమ్.

మరి రెండు ఎలకలకీ ఒకే బ్యాచ్ వాడాలంటే ఏం చేయాలని అడిగారు. మెగాబెకరెల్స్ సమానం చేయొద్దు, కేజీకి నానోమోల్స్ సమానం చేయండి, అంటే కేజీకి ఒకే వాల్యూమ్. రెండోదానికి యాక్టివిటీ తగ్గి ఇమేజ్ కొంచెం గరుకుగా వస్తుంది, రానివ్వండి. గరుకు కంటికి కనబడే లోపం, మాస్ తేడా కనబడదు. యాక్టివిటీ మరీ చాలకపోతే మొదటిదానికి కావాలని కొంచెం కోల్డ్ కలిపి రెండింటినీ ఒకే మాస్‌కి తేవచ్చు, కానీ ఆ మాస్‌లో రిసెప్టర్లు నిండిపోవడం లేదని ముందే చూపించుకోవాలి. గ్రూపుల వరస మాత్రం బ్యాచ్ బ్యాచ్‌కీ తిరగేయండి, ఈసారి కంట్రోల్ ముందైతే వచ్చేసారి మందిచ్చింది ముందు. మందుకి గంట ఆగాలంటే సింథసిస్ మొదలయ్యేముందే ఇచ్చేయండి, మేం చేసినట్టు సౌకర్యం చూసుకోవద్దు.

అభ్యాసం. సింథసిస్ 9:30 కి అయ్యింది, 6 ఎంఎల్‌లో 2.4 గిగాబెకరెల్, మోలార్ యాక్టివిటీ 60. జంతువులు మూడు: 22 గ్రాముల ఎలక, 28 గ్రాముల ఎలక, 280 గ్రాముల రాట్. ట్రేసర్ కార్బన్-11 దే. ఎలకలకి 8 మెగాబెకరెల్స్ చొప్పున, రాట్‌కి 20. కేజీకి 15 నానోమోల్స్ దాటకూడదు అని మీ గైడ్ చెప్పారనుకోండి. ఒక్కో జంతువుకీ ఆఖరి ఇంజెక్షన్ టైమ్ ఎంతో కనుక్కోండి. 22 గ్రాములదానికి 9:56 కీ 9:57 కీ మధ్య రావాలి, రాకపోతే మొదటికెళ్ళండి. తర్వాత ఒకే స్కానర్, ఒక్కో స్కాన్ 40 నిమిషాలు, ఈ బ్యాచ్‌తో మూడూ చేయగలమా, ఏది ముందు, ఏది తర్వాత, ఏదైనా వదిలేయాలా, ఎందుకు, అన్నీ రాయండి. ఆ తర్వాత ఇదంతా ఫ్లోరిన్-18 అనుకుని మళ్ళీ మొదట్నుంచి చేయండి. కాల్కులేటర్ వాడండి, స్ప్రెడ్‌షీట్ వద్దు, ఎవరో రాసిన ఫార్ములా గడిలో దాక్కుని ఉంటే ఏ టైమ్‌కి ఏ నంబర్ వేశారో మీకే తెలియదు. ప్రతి వరసలో వయల్ నుంచి తీసిన ఎంఎల్ వేరే కాలమ్‌లో ఉండాలి. ఆ కాలమ్ లేని జవాబు నేను చూడను.