పిన్‌బాల్ యంత్రానికి మరమ్మతు – ఆరవ పాఠం: ఆగని మోటారు

ఐదవ పాఠం చదివి పాయింట్లు (స్విచ్చుల్లో కలుస్తూ విడిపోతూ కరెంటును నడిపే లోహపు మొనలు) శుభ్రం చేసినవారిలో చాలామంది ఒకే సంగతి రాశారు. అంతకుముందు యంత్రంలో చలనమే లేదు. శుభ్రం చేశాక, స్కోరును సున్నాకు తెచ్చే స్కోరు మోటారు తిరగడం మొదలుపెట్టింది, కానీ ఆగడం లేదు. రాయగడ పాఠకుడు పది నిమిషాలు చూసి ప్లగ్గు పీకేశారట. గునుపురం పాఠకుడు మోటారు కాలిపోతుందేమోనని దాని తీగ ఊడదీసి, తరువాతి పాఠం కోసం ఎదురుచూస్తున్నారు. ఈసారి ఫ్లిప్పర్ల (బంతిని తిరిగి పైకి కొట్టే చిన్న రెక్కల) గురించి రాస్తానని మాట ఇచ్చాను, అది వాయిదా వేయక తప్పదు. 1947లో గాట్లీబ్ కంపెనీ వారి హంప్టీ డంప్టీ యంత్రంతో ఫ్లిప్పర్లు వచ్చేవరకు లోకం అవి లేకుండానే ఈ ఆట ఆడింది కనుక మనమూ ఇంకొక నెల ఓపిక పట్టవచ్చు.

తప్పులో సగం నాదే. ‘పాయింట్లు గట్టిగా కలిసేలా చూసుకోండి’ అని రాశాను, విడిపోవలసినవి శుభ్రంగా విడిపోవాలని రాయలేదు. అది అందరికీ తెలిసిన విషయమేననుకున్నాను.

మోటారు ఎందుకు తిరుగుతుందో, ఎవరు ఆపితే ఆగుతుందో ముందు చూద్దాం. నా దగ్గర ఉన్నది స్కోరు చూపే అంకెల చక్రాలు నాలుగు ఉన్న, ఒక్కరే ఆడే గాట్లీబ్ యంత్రం. గోపాలపురం సముద్రపు ఒడ్డున మూతపడిన ఒక లాడ్జీ నుంచి బరంపురం తెచ్చుకున్నాను. మీ యంత్రం బాలీ వారిదైనా విలియమ్స్ వారిదైనా తీగల రంగులు, మోటారు అమరిక మారతాయి తప్ప ఇక్కడ చెప్పే తర్కం మారదు. ఆట మొదలుపెట్టే బొత్తాం నొక్కగానే రీసెట్ రిలే (కరెంటు పారితే అయస్కాంతంలా లాగుకుని తన స్విచ్చులను కదిపే పరికరం) లాగుకుంటుంది, అది మోటారును తిప్పుతుంది, మోటారు ఇరుసు మీది పళ్ళు వరుసగా పాయింట్లను కలుపుతూ విడదీస్తూ ఒక్కొక్క అంకెల చక్రపు కాయిల్‌కు (దాన్ని జరిపే తీగ చుట్టకు) దెబ్బ మీద దెబ్బ పంపిస్తాయి. ప్రతి దెబ్బకూ చక్రం ఒక అంకె ముందుకు జరుగుతుంది. ప్రతి చక్రం పక్కన సున్నా స్విచ్చు ఒకటి ఉంటుంది. ఒకటి నుంచి తొమ్మిది వరకు ఏ అంకె కనిపిస్తున్నా అది కలిసే ఉంటుంది, సున్నా వచ్చినప్పుడు మాత్రమే విడిపోతుంది. అది విడిపోతేనే ఆ చక్రానికి దెబ్బలు ఆగుతాయి. నాలుగు చక్రాల సున్నా స్విచ్చులూ విడిపోయాక రీసెట్ రిలే వదిలేస్తుంది, ఆ తరువాత మోటారు తన ఇంటి స్థానానికి, అంటే బయలుదేరిన చోటికి, చేరి నిలుస్తుంది.

కనుక మీ యంత్రంలో ఆగని మోటారు చెడిపోయిన మోటారు కాదు. ఎక్కడో విడిపోవలసిన జంట విడిపోలేదు, పని ఇంకా మిగిలి ఉందనుకుని అది తిరుగుతోంది.

గాట్లీబ్ మోటారు ఇరుసు మూడో వంతు తిరిగితే ఒక విడత, ఆ విడతలో ఐదు దెబ్బలు. ఒకటి చూపిస్తున్న చక్రానికి సున్నా చేరడానికి తొమ్మిది దెబ్బలు కావాలి, అంటే ఎంత వెనుకబడిన చక్రమైనా రెండు విడతల్లో సున్నాకు రావాలి. మూడో విడత కూడా దాటి మోటారు తిరుగుతూనే ఉంటే లోపం ఉన్నట్టే. ఇక్కడ ఒక్క మాట. ఈ యంత్రాలు అమెరికా కరెంటుకు, అంటే 120 వోల్టులు, సెకనుకు 60 సైకిళ్ళకు తయారైనవి. మనం ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 230 వోల్టులను తగ్గించుకోగలం గాని, మన 50 సైకిళ్ళను మార్చలేం. అందువల్ల మోటారు ఆరింట ఒక వంతు నెమ్మదిగా తిరుగుతుంది. అది జబ్బు కాదు, దానికి మందు వేయకండి. (ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు రెండు చుట్లూ వేరువేరుగా ఉన్నదే అడగండి. ఒకే చుట్టు ఉన్న ఆటో ట్రాన్స్‌ఫార్మర్ చవక, కానీ అందులో ఇంటి కరెంటుకూ యంత్రానికీ మధ్య అడ్డు ఏదీ ఉండదు.)

ఇక నన్ను విసిగించిన విషయానికి వస్తాను. వచ్చిన ఛాయాచిత్రాల్లో సగానికి పైగా వెండి పాయింట్ల మీద ఎమరీ కాగితపు గీతలు కనిపించాయి, పాయింట్లను మోసే పొడవు లోహపు పట్టీలు నోస్ ప్లయర్‌తో వంచిన మడతలు కనిపించాయి. జయపురం పాఠకుడు పూర్వం రాజ్‌దూత్ బండ్లు బాగుచేసినవారు. బండి పాయింట్లను ఎమరీతో రుద్దిన అలవాటు చేతిని వదల్లేదు. ఆయనకు ఆయన భాషలోనే చెబుతాను. రాజ్‌దూత్ పాయింట్లు కలిసినప్పుడు ప్లగ్గులో మెరుపు రాదు, విడిపోయిన క్షణంలో వస్తుంది. అక్కడ ఎడం తగ్గితే బండి స్టార్టు కాదని ఆయనకు నాకంటే బాగా తెలుసు. సున్నా స్విచ్చు కూడా సరిగ్గా అటువంటిదే, దాని పనంతా విడిపోవడంలోనే ఉంది. దానిని ‘గట్టిగా కలిసేలా’ వంచితే, చక్రం సున్నాకు వచ్చి స్విచ్చు మీటను ఎత్తినప్పుడు పట్టీ లేస్తుంది గాని, ఎదుటి పట్టీ కూడా దాని వెంటే లేస్తుంది. రెండూ చేతులు పట్టుకుని పైకి లేచినట్టు ఉంటుంది. దూరం నుంచి చూస్తే కదలిక కనిపిస్తుంది, విడిపోయినట్టే అనిపిస్తుంది, కాని మధ్యలో వెలుగు ఉండదు.

అందుకే విడిపోయిందో లేదో కదలికను బట్టి చెప్పకండి. స్విచ్చు వెనుక చిన్న టార్చి పెట్టి, పాయింట్ల మధ్య నుంచి వెలుగు గీత కనిపిస్తేనే విడిపోయినట్టు లెక్క. ఆ గీత ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటే నాకు తృప్తి. కలిసినప్పుడు కూడా, ఒక పాయింటు తగిలిన తరువాత ఎదుటి పట్టీని కాస్త నెట్టాలి. ఆ చిన్న నెట్టులోనే పాయింట్లు ఒకదానిమీద ఒకటి జారి తమను తామే తుడుచుకుంటాయి.

వంచే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది, దానిని ఎవరూ చేయలేదు. పట్టీలన్నీ పేర్చి బిగించిన రెండు స్క్రూలను బిగించండి, పాయింట్లకు దగ్గరగా ఉన్నదాన్ని ముందు, దూరపుదాన్ని తరువాత. ఏళ్ల తరబడి ఎండకూ తేమకూ మధ్యలోని ఇన్సులేటరు ముక్కలు కుంగి ఆ స్క్రూలు వదులవుతాయి, దానితో ఎడాలన్నీ మారిపోతాయి. నా యంత్రంలో తొమ్మిది స్విచ్చులు చెడ్డవని గుర్తు పెట్టుకుని, స్క్రూలు బిగించి చూస్తే ఆరు వాటంతట అవే సరిపోయాయి. మిగిలిన వాటిలో కూడా మీట తోసే పొడవు పట్టీని ముట్టుకోకుండా, ఎదురుగా నిలిచి ఉండే పొట్టి పట్టీని మాత్రమే, దాని మొదట్లో పట్టుకుని వెంట్రుకవాసి జరపాలి. పొడవు పట్టీ ఒకసారి మడత పడితే మళ్ళీ తిన్నగా కాదు, తిన్నగా చేసినా దాని స్ప్రింగు గుణం తిరిగి రాదు.

శుభ్రం చేయడానికి నేను విజిటింగ్ కార్డు తప్ప ఏమీ వాడను. సన్నని ముక్క కత్తిరించి, పాయింట్ల మధ్య ఉంచి, వేలితో మెల్లగా నొక్కి లాగితే కాగితం మీద నల్ల గీత పడుతుంది. గీత పడడం మానేదాకా లాగాలి. గోపాలపురం ఉప్పుగాలి తిన్న నా యంత్రానికి కూడా అదే చాలింది. ఫ్లిప్పర్ల దగ్గర, పెద్ద కరెంటు పారే చోట్ల ఉండే టంగ్‌స్టన్ పాయింట్లు వేరు, వాటికి ఆకురాయి కావాలి. వాటి సంగతి ఫ్లిప్పర్ల పాఠంలో. డబ్బాలో వచ్చే నూనె స్ప్రేలను మాత్రం పాయింట్ల మీద కొట్టకండి.

ఇప్పుడు లోపం పట్టుకునే పద్ధతి. మోటారు తిరుగుతుండగా వెనుక తలుపు తీసి రిలేలను చూడండి. ఒక్క రిలే కూడా లాగుకుని లేకపోతే చక్రాల జోలికి వెళ్ళకండి, మోటారు సొంత ఇంటి స్విచ్చే విడిపోవడం లేదు. రీసెట్ రిలే లాగుకుని ఉంటే చక్రాల దగ్గరకు వెళ్ళాలి. ఒక చక్రం సున్నా దాటి గిరగిరా తిరుగుతూ ఉంటే దాని సున్నా స్విచ్చు విడిపోవడం లేదు. ఒక చక్రం నాలుగు దగ్గరో ఏడు దగ్గరో నిలిచిపోతే దానికి దెబ్బ అందడం లేదు, లేదా అందినా పాత గ్రీజు గట్టిపడి కొక్కెం పంటిని పట్టలేకపోతోంది. అన్నీ సున్నా దగ్గరే నిలబడి మోటారు ఇంకా తిరుగుతుంటే, రిలేను పట్టి ఉంచే పాయింట్లలో ఏదో ఒకటి విడిపోలేదు. గునుపురం పాఠకుడిది ఈ కోవే. అటువంటప్పుడు ఆ పాయింట్లలో ఒక్కొక్క జంట మధ్య విజిటింగ్ కార్డు ముక్క దూర్చండి. ఏ జంట మధ్య దూర్చినప్పుడు రిలే వదిలి మోటారు ఆగిందో అదే దోషి. పని చేసేటప్పుడు ఏ కాయిలైనా తట్టి వదలకుండా రొద చేస్తూ పట్టుకునే ఉంటే మాత్రం ఆలోచించకుండా ప్లగ్గు పీకండి. మోటారు గంటసేపు తిరిగినా పెద్దగా ఏమీ కాదు గాని, క్షణంపాటు తట్టి వదలడానికి చుట్టిన కాయిల్ ఎడతెగకుండా కరెంటు తాగితే త్వరగా మాడిపోతుంది.

ఒకే చక్రం పక్కన ఉన్న రెండు స్విచ్చులను తారుమారు చేసుకోవద్దు. సున్నా స్విచ్చు పక్కన తొమ్మిది స్విచ్చు ఉంటుంది. అది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మామూలుగా విడిపోయి ఉండి, చక్రం తొమ్మిది చూపినప్పుడే కలుస్తుంది, తరువాతి దెబ్బకు పక్క చక్రాన్ని కూడా జరిపించడం దాని పని.

మల్టీమీటరు వాడేవారికి ఒక హెచ్చరిక. పరలాకిమిడి పాఠకుడు కరెంటు తీసేసి, సున్నా స్విచ్చు మీద బీప్ పెట్టి చూస్తే సున్నా దగ్గర కూడా మోగుతోందని, కాబట్టి స్విచ్చు విడిపోవడం లేదని నిర్ధారించి, దానిని మూడుసార్లు వంచారు. నిజానికి స్విచ్చు శుభ్రంగా విడిపోయే ఉంది. ఒక కాయిల్ గుండా, ట్రాన్స్‌ఫార్మర్ గుండా చుట్టు తిరిగి వచ్చిన దారిని మీటరు చూస్తోంది, కాయిల్ నిరోధం కొద్ది ఓములే కాబట్టి బీప్ మోగుతుంది. బీప్‌ను నమ్మకుండా ఓముల అంకె చూడండి. కలిసిన పాయింట్లు దాదాపు సున్నా చూపిస్తాయి; కాయిల్ దారి అయితే కొన్ని ఓములైనా చూపిస్తుంది. ఇంకా అనుమానం ఉంటే, వెనుక పెట్టెనూ కింది పెట్టెనూ కలిపే పెద్ద ప్లగ్గును విడదీసి చూడండి.

అభ్యాసం. ఇది ఈ వారమంతా పడుతుంది, ఆదివారం ఒక్క పూటలో ముగించాలని చూడకండి. కరెంటు తీసి, వెనుక పెట్టె ప్లగ్గు విడదీసి, ఒక నోటు పుస్తకంలో నాలుగు చక్రాలకు నాలుగు గడులు, ఒక్కొక్క దానిలో సున్నా నుంచి తొమ్మిది వరకు పది వరుసలు గీయండి. ప్రతి చక్రాన్నీ కాయిల్ ప్లంజరు (లోపలి ఇనుప కడ్డీ) చేత్తో నొక్కి ఒక్కొక్క అంకె జరుపుతూ, ప్రతి అంకె దగ్గర సున్నా స్విచ్చు, తొమ్మిది స్విచ్చు ఎన్ని ఓములు చూపాయో రాయండి. మొత్తం నలభై స్థానాలు, ఎనభై కొలతలు. ఒక్కటి కూడా ‘ఊహించి’ నింపవద్దు. ఆ తరువాతే కరెంటు ఇచ్చి, నాలుగు చక్రాలనూ ఒకటి మీద పెట్టి, ఆట బొత్తాం నొక్కి, కళ్ళు మూసుకుని దెబ్బలు లెక్కపెట్టండి. నాలుగూ కలిసి తొమ్మిదిసార్లు చప్పుడు చేసి, మోటారు నిలిచిపోవాలి. పదో చప్పుడు వినిపిస్తే ఆ చక్రం ఏదో, దాని వరుసలో మీరు రాసిన కొలత ఏమిటో నాకు రాయండి; ఫ్లిప్పర్ల పాఠం మొదలుపెట్టే ముందు ఆ కాగితాలన్నీ చూస్తాను.