ముద్దకట్టిన బొంత

మా పాపకు ఎనిమిదో నెలలో మా అమ్మ పాత నూలు చీరలు రెండు మడతలు పెట్టి బొంత కుట్టాను. మొదటిసారి ఉతకగానే లోపలి పొరలు ఒక మూలకు జరిగి ముద్దకట్టాయి. పసిబిడ్డ వీపుకు ఎంత గట్టిగా తగులుతుందోనని చాలా బాధపడ్డాను.

"అంచు కాదమ్మా, నడుమ పట్టాలి" అన్నారు అత్తయ్యగారు. నిజమే, చుట్టూ మాత్రమే కుట్టాను. అంతా విప్పేశాను. చీరలను వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఆరబెట్టాను; నూలు ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుంది. నేల మీద పరిచి, అరచేత్తో ముడతలు తీసి, నడుమ నుంచి అంచుల వైపు జానెడు ఎడంతో పెద్ద కుట్లు వేశాను. వాటి మధ్య రెండు వేళ్ల దూరంలో సన్న కుట్టు వరుసలు నడిపి, ఆ తర్వాతే పెద్ద కుట్లు లాగేశాను. అంచుకు తాతగారి పొందూరు ఖద్దరు పంచె ముక్క వేశాను. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి వడికే నూలు అది, పారేయడానికి మనసొప్పలేదు.

పాప పడుకున్నప్పుడే కుట్టాలి, పన్నెండు రోజులు పట్టింది.

బొంతను నాలుగుసార్లు ఉతికాను. ఒక్క పొర కూడా కదలలేదు.