నిద్ర రాదు, మెలకువ నిలవదు, మూడ్ ఉండదు: తేడా ఏ రసాయనం దగ్గర?

మాదాపూర్‌లో ఎనిమిదేళ్లు నైట్ షిఫ్ట్ చేశాను. నిద్ర ఆగకపోతే చాయ్, తలనొప్పొస్తే చాయ్, మనసు బాగోకపోయినా చాయ్. బండి స్టార్ట్ కాకపోతే మెకానిక్ ముందు పెట్రోల్ ఉందా అని చూస్తాడు, తర్వాత ప్లగ్, తర్వాత బ్యాటరీ. మెదడు విషయంలోనూ అలా ఒక్కోటీ చూడాలని నాకు ఆలస్యంగా తెలిసింది. మెలకువకి ఒకే స్విచ్ లేదు. హిస్టమిన్, నార్‌అడ్రినలిన్, ఒరెక్సిన్, డోపమిన్, సెరటోనిన్ అనే మెదడు రసాయనాలు తలా ఒక చెయ్యి వేస్తాయి. ఎవరు చెయ్యి తీశారో లక్షణాన్ని బట్టి కొంత పట్టుకోవచ్చు.

"సాయంత్రం చాయ్ తాగా, ఒంటిగంటైనా కళ్లు మూతపడట్లేదు"

కారణం: అడినోసిన్ అనే నిద్ర తెప్పించే రసాయనానికి సీటు దొరకలేదు. కణాలు పనిచేయడానికి ఏటీపీ అనే ఇంధనాన్ని ఖర్చు చేస్తాయి. దీన్ని 1929లో కండరాల్లో గుర్తించినవాళ్లలో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా పట్టుకున్నాడు. ఆ ఇంధనం ఖర్చయ్యే కొద్దీ మెదడులో అడినోసిన్ పోగవుతుంది. అది కణాల మీదున్న గ్రాహకాలనే సీట్లలో కూర్చుంటే కళ్లు బరువెక్కుతాయి.

కెఫీన్ చేసేదల్లా సిటీ బస్సులో కిటికీలోంచి సీట్ల మీద కర్చీఫ్‌లు వేయడం. అడినోసిన్ ఎక్కడికీ పోదు, నిలబడే ప్రయాణం చేస్తుంది. కర్చీఫ్‌లు తీయగానే అంతా ఒక్కసారి కూర్చుంటుంది. చాయ్ దిగాక వచ్చే ఆ నీరసం ఇదే. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. ఆరింటికి తాగింది పదకొండింటికి ఇంకా సగం ఉంటుంది. గర్భిణుల్లో ఇంకా నెమ్మది. సిగరెట్ తాగేవాళ్లలో త్వరగా కరుగుతుంది. నేను సిగరెట్ మానేసిన వారం రోజూ అవే నాలుగు చాయ్‌లకి గుండె దడ, చేతులు వణుకు. మానేసినందుకు శిక్షేమో అనుకున్నా. సిగరెట్ లేకపోవడంతో అదే కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోయిందంతే.

ఏం చేయాలి: పడుకునే టైమ్‌కి ఎనిమిది గంటల ముందే ఆఖరి చాయ్ అయిపోవాలి. ఇరానీ హోటల్లో కప్పు చిన్నదే, కానీ డికాషన్ గంటల తరబడి దమ్ మీద ఉన్నది, చిన్న కప్పే కదా అని మూడోది చెప్పకండి. కూల్ డ్రింకులు, కొన్ని తలనొప్పి మాత్రల్లో కూడా కెఫీన్ ఉంటుంది. అట్ట వెనక చదవండి.

"నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుంటే మూడు గంటలకే మెలకువ"

కారణం: రెండు లెక్కలు కలవడం లేదు. అడినోసిన్ బరువు నిద్రలోకి తోస్తుంది, మూడు నాలుగు గంటల్లో అది చాలావరకు దిగిపోతుంది. ఈలోపు మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగంలోని గడియారం "పగలైంది, లే" అంటుంది. ఆ గడియారానికి టైమ్ చెప్పేది ముఖ్యంగా కంట్లో పడే వెలుతురు. చీకట్లో, రాత్రైందని ఒంటికి చెప్పే మెలటోనిన్ పెరుగుతుంది, వెలుగు పడితే అణిగిపోతుంది. ఏడింటికి డ్రాప్ క్యాబ్‌లో ఎదురెండ మొహాన కొడుతుంటే, నిద్రపోబోయే మనిషికి మనమే సూర్యోదయం చూపిస్తున్నాం.

ఏం చేయాలి: షిఫ్ట్ మొదటి సగంలో లైట్లు బాగా ఉండనివ్వండి, చివర్లో తగ్గించండి. ఇంటికొచ్చేటప్పుడు క్యాబ్‌లో నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. బైక్ అయితే అసలు నడపొద్దు, ఆ టైమ్‌లో రెప్పపాటు కునుకు పట్టినట్టు మనకే తెలియదు. గది మాత్రం నిజంగా చీకటిగా ఉండాలి. నేను కిటికీకి లోపలినుంచి అల్యూమినియం ఫాయిల్ అంటించాను. ఓనర్ ఆంటీ కిందనుంచి చూసి, "ఏంది బాబూ, కిటికీకి బిర్యానీ పార్సిల్ కట్టినవా?" అంది. ఆ వారమే మొదటిసారి ఆరు గంటలు పడుకున్నా. సెలవు రోజున పూర్తిగా పగటి మనిషి అయిపోతే సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి పడుకునేవాళ్లు సెలవు నాడు తెల్లవారుజామున నాలుగింటికి పడుకుని పన్నెండింటికి లేస్తే, నాలుగు గంటలైనా రోజూ ఒకే టైమ్‌లో నిద్ర పడుతుంది. మెలటోనిన్ మాత్రలది మత్తు కంటే టైమింగ్ వ్యవహారం. వేళ తప్పితే గడియారం ఇంకోవైపు జరుగుతుంది, డాక్టర్ని అడిగే వాడండి.

"జలుబు మాత్ర వేసుకున్నా, మర్నాడంతా మత్తు"

హిస్టమిన్ అంటే తుమ్ములు, దద్దుర్లే గుర్తొస్తాయి. మెదడులో అది మెలకువ నిలిపే రసాయనం. పాతకాలం అలర్జీ మందులు మెదడులోకి వెళ్లి దాన్నీ అడ్డుకుంటాయి. క్లోర్‌ఫెనిరమిన్ అలాంటిదే. ఫెక్సోఫెనడిన్ లాంటివి మెదడులోకి చాలా తక్కువ వెళ్తాయి, మార్చమని డాక్టర్ని అడగొచ్చు. నిద్ర కోసమని జలుబు మాత్రలు మింగే అలవాటు మాత్రం వద్దు.

"ఒళ్లు అలసిపోయింది, బుర్ర ఆగట్లేదు"

ఇక్కడ అడినోసిన్ తన పని చేస్తూనే ఉంది, ఒంటిని అప్రమత్తంగా ఉంచే నార్‌అడ్రినలిన్ తగ్గడం లేదంతే. అప్రైజల్ టెన్షన్, ఈఎంఐ, అమ్మతో ఫోన్లో గొడవ, ఏదైనా సరే. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి తక్కువ లైట్లో కూర్చోండి, కునుకొచ్చాకే మళ్లీ మంచమెక్కండి. ఎంత ఆలస్యంగా పడుకున్నా లేచే టైమ్ మార్చొద్దు. పెగ్గు వేస్తే త్వరగా పడుకుంటాం, నిజమే. తెల్లవారుజామున మూడింటికి లేపేది కూడా ఆ పెగ్గే.

"నవ్వితే మోకాళ్లు జారిపోతున్నాయి, పగలు ఉన్నట్టుండి నిద్ర"

అరుదు, కానీ బద్ధకమని తిట్టించుకునేవాళ్లలో వీళ్లుంటారు. 1998లో కనిపెట్టిన ఒరెక్సిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు పోతే వచ్చే నార్కోలెప్సీ ఇది. చిట్కాలు పనిచేయవు. న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి, నిద్ర పరీక్ష చేస్తారు.

"నిద్ర బాగానే పోతున్నా, దేని మీదా మనసు లేదు"

"సెరటోనిన్ తక్కువైంది" అని ఎవరైనా తేల్చేస్తే నమ్మకండి. ఒంట్లో సెరటోనిన్ సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది, అది మెదడులోకి వెళ్లదు. కాబట్టి రక్తపరీక్షతో మెదడు సంగతి తెలియదు. రక్తపరీక్ష చేయించాల్సింది థైరాయిడ్, హీమోగ్లోబిన్, బి12 కోసం. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లంటే ముందు దాని సంగతి చూడండి. అప్పుడు ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర పోయినట్టు కాదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా రెండు వారాలకు పైగా ఇలాగే ఉంటే సైకియాట్రిస్ట్‌ని కలవండి. ఈ ఊళ్లో ఎర్రగడ్డ అనే మాటని తిట్టులా వాడతాం, అక్కడ ఉన్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆగొద్దు, ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మా బావమరిది డిప్రెషన్ మందులు మొదలైన పదో రోజున ఫోన్ చేశాడు. "ఏం తేడా లేదు బావా, ఆపేస్తున్నా." ఆ మాత్ర సెరటోనిన్‌ని గంటల్లోనే పెంచుతుంది, కానీ మెదడు దానికి తగ్గట్టు సర్దుకుని మూడ్ తేలికపడటానికి వారాలు పడుతుంది. అదే చెప్పి, ఉన్నట్టుండి ఆపితే తలతిప్పడం, చిరాకు వస్తాయని, ఏదున్నా డాక్టర్‌తోనే అనమని చెప్పాను. అయిదో వారంలో మళ్లీ ఫోన్. ఉప్పల్లో మ్యాచ్‌కి టికెట్లు దొరుకుతాయా అని.