అడవి హేజల్‌నట్: పొదని గుర్తుపట్టి, కాయలు కోసి, పప్పు తీయడం ఎలా?

సియాటిల్, పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు వారాంతాల్లో హైకింగ్‌కి వెళ్ళే దారుల్లో ఈ పొద పక్కనుంచి చాలాసార్లు నడిచే ఉంటారు. ఇది బీక్డ్ హేజల్‌నట్, శాస్త్రీయ నామం కొరిలస్ కార్న్యూటా, బర్చ్ కుటుంబానికి చెందిన మొక్క. బ్రిటిష్ కొలంబియా నుంచి కాలిఫోర్నియా దాకా పడమటి వైపు ఒక రకం, కెనడా మీదుగా తూర్పు రాష్ట్రాల దాకా ఇంకో రకం పెరుగుతాయి. ఒరెగాన్ తోటల్లో పండించి షాపుల్లో అమ్మే హేజల్‌నట్ యూరప్ జాతిది. ఈ పొద మాత్రం అక్కడి అడవుల సొంతం. కాయ చిన్నది, పెంకు మందం, పప్పు తక్కువ. అయినా రుచి చూశాక ఆ శ్రమ దండగ అనిపించదు.

కాయలు ఆగస్టు, సెప్టెంబర్లలో దొరుకుతాయి. వెతకడం మాత్రం ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి.

చలికాలంలో గుర్తుపట్టండి

వేసవిలో అడవి అంతా పచ్చగా ఉన్నప్పుడు ఈ పొద గుంపులో కలిసిపోతుంది. చలికాలం చివర, ఇంకా ఒక్క ఆకూ రాకముందే దీని మగపూల కంకులు లేత పసుపు రంగులో కొమ్మల నిండా వేలాడుతుంటాయి. దూరం నుంచే కనిపిస్తాయి. వేలితో తట్టితే పుప్పొడి పొగలా లేస్తుంది. ఆల్డర్ చెట్టుకీ ఇలాంటి కంకులే ఉంటాయి కానీ, దానికి చిన్న చిన్న చెక్క బుడిపెల్లాంటి పాత కాయలు కూడా కొమ్మల మీదే మిగిలి ఉంటాయి. హేజల్‌కి అవి ఉండవు.

ఇప్పుడు కొమ్మని కంటికి దగ్గరగా పట్టుకుని మొగ్గలు చూడండి. కొన్ని మొగ్గల కొసన ఎర్రటి సన్నని పోగులు, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున, బయటికి వచ్చి ఉంటాయి. ఆడపువ్వు మొత్తానికి కనిపించేది ఆ పోగులే. రేకులుండవు, వాసన ఉండదు, తేనెటీగతో పని లేదు. గాలి పుప్పొడిని తెచ్చిపడేస్తుంది. విచిత్రమేమిటంటే, పుప్పొడి చేరిన కొన్ని నెలల తర్వాత గానీ ఫలదీకరణ జరగదు.

ఏ మొక్క పుప్పొడీ ఆ మొక్కకే పనికిరాదు. ఒకే మొదలు నుంచి లేచిన కొమ్మలన్నీ ఒకే మొక్క కిందే లెక్క. కాబట్టి ఒంటరి పొద దొరికిందని సంబరపడకండి. దగ్గర్లో ఇంకో రెండు మూడు పొదలున్న చోటుని ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి.

వేసవిలో ఖాయం చేసుకోండి

ఆకు గుండ్రంగా ఉండి కొసన మొనదేలుతుంది, అంచున పెద్ద రంపపు పళ్ళు, వాటి మీద మళ్ళీ చిన్న పళ్ళు ఉంటాయి. తాకితే మెత్తని నూగు తగులుతుంది. జూన్, జూలైలో కాయలు జంటలుగా, ఒక్కోసారి గుత్తిగా కనిపిస్తాయి. కాయని పూర్తిగా కప్పేసిన పచ్చని తొడుగు కొసన పక్షి ముక్కులా సాగి ఉంటే అది ఈ పొదే. తూర్పు రాష్ట్రాల్లో ఉండేవాళ్ళకి అమెరికన్ హేజల్‌నట్ అనే ఇంకో జాతి కూడా తగులుతుంది. దాని తొడుగు ముక్కులా కాకుండా చీలికలతో విచ్చుకుని ఉంటుంది. అదీ తినదగిందే.

నున్నగా మెరిసే పెద్ద గోధుమరంగు గింజ, అరచేతి వేళ్ళలా విడిపోయిన ఆకు కనిపిస్తే అది బకై (buckeye) అనే చెట్టు. దాని గింజ విషం, తినొద్దు. పడమటి అడవుల్లో హేజల్ పక్కనే తాకితే దద్దుర్లు తెచ్చే పాయిజన్ ఓక్ కూడా ఉంటుంది, మూడేసి ఆకుల పొదగానీ తీగగానీ కనిపిస్తే దూరంగా ఉండండి.

కోయడం

ముందు అనుమతి సంగతి చూసుకోండి. పోర్ట్‌లాండ్ ఫారెస్ట్ పార్క్‌లోనూ, బే ఏరియా దగ్గరి మ్యూర్ వుడ్స్‌లోనూ ఈ పొద ఉంది, కానీ అక్కడ కోయకూడదు. నేషనల్ ఫారెస్ట్‌లలో రూల్స్ చోటుని బట్టి మారతాయి, అక్కడి రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే చెప్తారు. స్నేహితుల పెరట్లోనో, వాళ్ళ స్థలంలోనో ఉంటే టెన్షనే లేదు.

తర్వాతి పోటీ ఉడతలతో, స్టెల్లర్స్ జే పిట్టలతో. తొడుగు ఎండి కాయ రాలేదాకా ఆగితే మీకేమీ మిగలదు. ఆగస్టులో ఒక కాయ తెరిచి చూడండి. పెంకు లేత గోధుమరంగులోకి తిరిగి, పప్పు నిండుగా ఉండి, వేలితో తిప్పితే కాయ తొడుగులో కదులుతుంటే, తొడుగు ఇంకా పచ్చగా ఉన్నా సరే, కోసేయండి.

తోలు గ్లవ్స్ తప్పనిసరి. తొడుగు మీది నూగు అచ్చం దురదగొండి వరస: వేళ్ళలో గుచ్చుకుని వదలదు. ఆ చేత్తో కళ్ళు నులుముకున్నారా, అయిపోయారే.

తొడుగు తీయడం, ఎండబెట్టడం

అక్కడి మూలవాసులు కాయల్ని తడి మట్టిలో పాతిపెట్టి, తొడుగు కుళ్ళి ఊడిపోయాక తీసేవారు. పెరడు ఉంటే ఇదే సుఖం, కాకపోతే ఉడత తవ్వకుండా పైన ఇనుప జాలీ వేసి రాళ్ళు పెట్టండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే గోనెసంచిలో పోసి, కొన్నాళ్ళు ఆరనిచ్చి, బూట్లతో తొక్కి నలపండి.

ఊడిన కాయల్ని వెంటనే నీళ్ళలో వేయండి. తేలినవి తాలు, పారేయండి. మునిగినవాటిని తుడిచి, ఒకే వరసగా పరిచి, గాలాడే నీడలో రెండు నుంచి నాలుగు వారాలు ఆరబెట్టండి. ఊపితే లోపల పప్పు గలగలమనాలి.

పగలగొట్టిన పప్పుని ఓవెన్‌లో 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది పన్నెండు నిమిషాలు వేయించి, వేడి మీదే బట్టలో వేసి రుద్దితే పొట్టు రాలుతుంది. నన్నడిగితే చాక్లెట్ కంటే బెల్లంతోనే బాగుంటుంది. పల్లీపట్టీ చేసినట్టే చేయండి. నట్స్ ఎలర్జీ ఉన్నవాళ్ళు దీని జోలికే పోవద్దు. బర్చ్ పుప్పొడి పడనివాళ్ళలో కొందరికి హేజల్‌నట్ కూడా పడదు.

పుల్లలు, నిప్పు

ఉత్తర కాలిఫోర్నియాలో క్లామత్ నది వైపు కరుక్, యురోక్, హూపా తెగలవాళ్ళకి కాయ ఎంత ముఖ్యమో పుల్ల అంత ముఖ్యం. పసిపిల్లల్ని మోసే బుట్టలు, బరువులు మోసే గంపలు దీంతోనే అల్లుతారు. పాత కొమ్మ వంకరగా, పక్కకొమ్మలతో ఉంటుంది కాబట్టి అల్లికకి పనికిరాదు. పొదకి నిప్పు పెడితే పైభాగం కాలిపోయి, వేరు మొదలు నుంచి కొత్త చిగుళ్ళు నిటారుగా లేస్తాయి. కాలిన ఒకటి రెండేళ్ళకి, వసంతంలో రసం పారుతున్నప్పుడు వాటిని కోస్తే బెరడు సులువుగా ఒలిచి వస్తుంది. ఒలిచిన తెల్లటి పుల్లల్ని ఎండబెట్టి, లావు ప్రకారం కట్టలు కట్టి ఉంచుతారు.

ఇరవయ్యో శతాబ్దంలో ప్రభుత్వం అడవిలో నిప్పు పెట్టడాన్ని నిషేధించడంతో పొదలు ముసలివై, అల్లేవాళ్ళకి మంచి పుల్ల కరువైంది. ఇప్పుడు యురోక్‌లు కల్చరల్ ఫైర్ మేనేజ్‌మెంట్ కౌన్సిల్ పేరుతో మళ్ళీ పద్ధతిగా తగలబెడుతున్నారు. ఇంకా ఉత్తరాన, బ్రిటిష్ కొలంబియాలోని స్కీనా నది ప్రాంతానికి ఈ మొక్కని మనుషులే పూర్వం తెచ్చి నాటారని పరిశోధకులు తేల్చారు.

మీరు మాత్రం నిప్పు జోలికి వెళ్ళకండి, పెరట్లో కత్తెర చాలు. స్థానిక మొక్కల నర్సరీ నుంచి వేర్వేరు గింజల నుంచి మొలిచిన మొక్కలు కనీసం రెండు కొని, దగ్గరదగ్గరగా నాటండి. పొద ముదిరాక ఏటా చలికాలంలో అన్నిటికంటే పాత కొమ్మలు కొన్నిటిని నేల మట్టానికి కోసేస్తే కొత్తవి లేస్తాయి. అన్నీ ఒకేసారి కోస్తే అల్లడానికి పుల్లలు దొరుకుతాయి గానీ, కాయలకి కొన్నేళ్ళు ఆగాల్సి వస్తుంది.