వలస కూలీల వేతన బకాయి: దరఖాస్తులో తేల్చుకోవలసింది యజమాని ఎవరన్నదే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఒడిశా నుంచి వచ్చి భీమవరం, ఆకివీడు ప్రాంతాల రొయ్యల చెరువుల మీద, డెల్టాలోని రైసు మిల్లుల్లో, ఇటుక బట్టీల్లో పనిచేసే కూలీలు వేతనం ఆగిపోతే పనిచేసిన జిల్లాలోని కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఇందుకు మూడేళ్ల గడువు ఇస్తోంది. ఆరు నెలలు దాటాయి గనుక ఇక రాదని ఎవరైనా చెబితే, అది పాత చట్టంలోని మాట అని గుర్తించండి.

పేరు, చిరునామా, ఆధార్ నకలు, బ్యాంకు ఖాతా వివరాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారు, ఎంత ముట్టింది, ఎంత రావాలి అన్న లెక్క ఉంటే చాలు. ఒకే చోట పనిచేసిన వారందరూ కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఎక్కువ మంది వెనుదిరిగేది యజమాని పేరు రాయవలసిన చోట. కూలీకి తెలిసింది తనను పనికి తెచ్చిన మేస్త్రి ఒక్కడే కాబట్టి అతని పేరు మాత్రమే రాస్తాడు. మేస్త్రి ఊరు వదిలిపోతే నోటీసు తిరిగి వస్తుంది. చెరువు భూమి ఒకరిది, లీజు మరొకరిది, కూలీలను తెచ్చింది ఇంకొకరు కావడం ఇక్కడ మామూలే. అందుచేత తెలిసినవారందరి పేర్లూ రాయండి. కూలి ఇవ్వవలసినవాడు ఇవ్వకపోతే ఆ సంస్థ సొంతదారే చెల్లించాలని కోడ్‌లోని 43వ సెక్షన్ చెబుతోంది. పేరు తెలియకపోతే గ్రామం, చెరువు గుర్తులు, కరెంటు మీటరు మీది సర్వీసు నంబరు, మేత బస్తాలతో వచ్చిన బిల్లు మీది పేరు, ఫోన్‌పేలో డబ్బు పంపిన వారి పేరు రాసి పెట్టుకోండి. పని మానకముందే వీటిని ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మేలు, ఎందుకంటే గొడవయ్యాక గట్టు మీదికి రానివ్వరు.

హాజరు పుస్తకం లేదని, చీటీ లేదని అధైర్యపడకండి. వేతనం చెల్లించామని రుజువు చేయవలసిన బాధ్యతను 59వ సెక్షన్ యజమాని మీదే పెట్టింది. అయితే సగం డబ్బు చేతిలో పెట్టి, మొత్తం ముట్టినట్టు వేలిముద్ర అడిగితే మాత్రం వేయకండి. రావలసిన వేతనాన్ని వదులుకునే ఒప్పందం చట్టం ముందు చెల్లదు గానీ, ఆ కాగితం అబద్ధమని తేల్చడానికే విచారణ సాగిపోతుంది.

బయానా తీరలేదంటూ మనిషినే కదలనివ్వకపోతే అది వెట్టి. దాని మీద ఆర్డీవోకు, కలెక్టరుకు వేరే ఫిర్యాదు ఇవ్వాలి.

దరఖాస్తు రాసిపెడతామని, రాబట్టిన సొమ్ములో వాటా ఇమ్మని అడిగేవారు కార్యాలయాల దగ్గరే ఉంటారు. వారి అవసరం లేదు. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ సాయం దొరికే దారి చెబుతారు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని కోరవచ్చు. దరఖాస్తు ఇచ్చాక రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరవకండి.

బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉంది. విచారణ నడుస్తుండగా సొంతూరు వెళ్లవలసి వస్తే, నోటీసు అందుకోగల ఇక్కడి చిరునామాను, మీ ఫోన్ నంబరును రాతపూర్వకంగా ఇచ్చి వెళ్లండి. మీరు సభ్యులుగా ఉన్న రిజిస్టరైన కార్మిక సంఘం కూడా మీ తరఫున దరఖాస్తు పెట్టవచ్చు కనుక, ఎక్కువ కాలం ఊళ్లో ఉండలేనివారు మొదటే సంఘం ద్వారా వెళ్లడం మంచిది.